చెరువు నాచు, లోహ కాలుష్యం: విస్తరణ సలహాలో రావలసిన మార్పు

వ్యవసాయ కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థికి నీలి ఆకుపచ్చ నాచు తొలుత మిత్రజీవిగానే పరిచయమవుతుంది. వరి మళ్లలో ఎరువు వేయకున్నా నత్రజని పూర్తిగా తరిగిపోకపోవడానికి ఈ నాచు చేసే స్థిరీకరణే ప్రధాన కారణమని 1939లో పి.కె. డే ప్రతిపాదించారు. ఆనాటి నుండి అనబీనా, నాస్టాక్ వంటి ప్రజాతులు జీవన ఎరువుల పాఠంలో స్థిరపడ్డాయి. అజొల్లా ఆకు గదిలో నివసించే అనబీనాను సూక్ష్మదర్శిని కింద చూడకుండా పట్టా పుచ్చుకునే విద్యార్థి అరుదు. అయితే ఇదే వర్గానికి చెందిన మరికొన్ని జీవులు చెరువులలో, జలాశయాలలో, చేపల గుంటలలో దట్టంగా పెరిగి కాలేయాన్ని, నాడీమండలాన్ని దెబ్బతీసే విషాలను తయారు చేస్తాయి. వరి మడిలో మేలు చేసే పక్షానికి ఇచ్చిన ప్రాధాన్యంలో పదో వంతు కూడా చెరువులో కీడు చేసే పక్షానికి వ్యవసాయ విద్యలో దక్కలేదు.

నీటిలో చేరే రాగి, జింకు, కాడ్మియం, సీసం వంటి లోహాలను నేల శాస్త్రవేత్తలు ఒక సమస్యగా పరిగణిస్తారు. నీటిపై పేరుకునే నాచు తెట్టును మత్స్యశాస్త్రవేత్తలు మరొక సమస్యగా పరిగణిస్తారు. పశువు చనిపోతే అది పశువైద్యుల పరిధి. ఈ విభజన కార్యాలయాలకు అనుకూలమే గాని నీటికి వర్తించదు. లోహమూ నాచూ ఒకే నీటిలో, ఒకే కణంలో కలుసుకుంటాయి. ఆ కలయికలో లోహం కొన్నిసార్లు నాచును పెంచుతుంది, కొన్నిసార్లు చంపుతుంది, మరికొన్నిసార్లు అది తయారు చేసే విషం పరిమాణాన్ని మారుస్తుంది. ముఖ్యంగా గమనించవలసినది ఏమనగా, లోహం నాచును చంపినంత మాత్రాన విషం నశించదు. ఈ ఒక్క అంశాన్ని సక్రమంగా గ్రహించినా, నాచు కనబడగానే మైలుతుత్తం చల్లమనే సలహాను పునఃపరిశీలించక తప్పదు.

పామ్ ఐలాండ్ నేర్పిన పాఠం

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరానికి చేరువలో పామ్ ఐలాండ్ అనే దీవి ఉంది. అక్కడ నివసించే ఆదిమవాసులకు సోలమన్ డ్యామ్ జలాశయమే తాగునీటి ఆధారం. 1979లో ఆ నీటిలో నాచు పెరిగి రుచి, వాసన చెడ్డాయని ఫిర్యాదులు వచ్చాయి. అధికారులు ఆనాటి ఆనవాయితీ ప్రకారం జలాశయంలో మైలుతుత్తం వేయించారు. నాచు అదుపులోకి వచ్చింది. కొద్ది రోజులలోనే దీవిలో వాంతులు, కాలేయం వాపు, మూత్రపిండాల దెబ్బ, రక్త విరేచనాలతో కూడిన అంతుచిక్కని వ్యాధి ప్రబలింది. మొత్తం 148 మంది దాని బారిన పడ్డారు. వారిలో 138 మంది పిల్లలే. తీవ్రంగా జబ్బుపడిన వారిని ప్రధాన భూభాగంలోని ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది.

కారణం వెంటనే తెలియలేదు. అదే జలాశయంలో పెరిగే సిలిండ్రోస్పెర్మాప్సిస్ అనే నీలి ఆకుపచ్చ నాచును ప్రయోగశాలలో పెంచి ఎలుకలపై పరీక్షించినప్పుడు దాని విషస్వభావం 1985 నాటికి బయటపడింది. ఆ విషానికి తరువాత సిలిండ్రోస్పెర్మాప్సిన్ అని పేరు పెట్టారు. అప్పటి వరకు కణాలలో ఉన్న విషం, మైలుతుత్తం తగిలి కణాలు పగలడంతో ఒక్కసారిగా నీటిలోకి విడుదలైందన్నది విస్తృతంగా అంగీకరించిన వివరణ. 2004లో ఒక ఆస్ట్రేలియా వైద్య పత్రికలో ఇంకొక వాదన వెలువడింది. ఆ రోగ లక్షణాలు నాచు విషం వల్ల కాక అధిక మోతాదులో వేసిన రాగి వల్లనే వచ్చి ఉండవచ్చునని ఆ వాదన. ఈ రెండింటిలో ఏది నిజమైనా వ్యవసాయ విస్తరణకు వర్తించే పాఠం ఒక్కటే. నాచు కంటికి కనబడినంత కాలం జరగని ఉపద్రవం, దానిపై లోహాన్ని ప్రయోగించిన తరువాత జరిగింది.

ఇటువంటి విడుదలను ఆస్ట్రేలియాలోనే మరొక సరస్సులో ప్రత్యక్షంగా కొలిచి చూశారు. మైక్రోసిస్టిస్ తెట్టుపై రాగి ఆధారిత నాచు నాశినిని వాడిన తరువాత నీటిలో కరిగిన మైక్రోసిస్టిన్ లీటరుకు 1,300 నుండి 1,800 మైక్రోగ్రాముల వరకు చేరిందనీ, దాదాపు తొమ్మిది రోజుల పాటు తగ్గకుండా నిలిచిందనీ 1994లో ప్రచురితమైన ఆ అధ్యయనం తెలిపింది. ఆ పిమ్మట నీటిలోని బాక్టీరియా దానిని వేగంగా విచ్ఛిన్నం చేసినప్పటికీ అవశేషాలు మూడు వారాల వరకు కనిపించాయి. తాగునీటిలో మైక్రోసిస్టిన్ లీటరుకు 1 మైక్రోగ్రామును మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అనగా పది లక్షల లీటర్ల నీటిలో ఒక గ్రాము. నీరు తేటపడిన తొమ్మిది రోజుల పాటు ఆ సరస్సులో విషం ఈ పరిమితికి వెయ్యి రెట్లకు పైగా ఉన్నదన్నమాట. తేటనీరు మంచినీరు అనే సామాన్య నమ్మకం ఇక్కడ పూర్తిగా తలక్రిందులవుతుంది.

కణంలో లోహం చేసే పని

లోహాలన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. ఇనుము నాచుకు ప్రాణాధారం. కిరణజన్య సంయోగక్రియలోని మొదటి కాంతివ్యవస్థ ఒక్కదానికే 12 ఇనుప పరమాణువులు కావాలి. నత్రజనిని స్థిరీకరించే జాతులకు నైట్రోజినేజ్ ఎంజైము కోసం మరింత ఇనుము అవసరం. కణంలో ఇనుము లభ్యతను గమనించి జన్యువులను నియంత్రించే ఫర్ అనే ప్రోటీను, మైక్రోసిస్టిన్ తయారీకి కారణమైన జన్యు సముదాయపు నియంత్రణ భాగానికి కూడా అతుక్కుంటుందని ప్రయోగశాలలో నిరూపితమైంది. ఇనుము కొరతలో విష జన్యువుల పని పెరిగిందని కొన్ని ప్రయోగాలు తెలిపాయి. ఇనుము సమృద్ధిగా ఉన్నప్పుడే విషం పెరిగిందని మరికొన్ని తెలిపాయి. వాడిన నాచు రకం, కాంతి, పెంపక ద్రావణం, విషాన్ని కణానికి లెక్కించారా లేక నీటి పరిమాణానికి లెక్కించారా అన్నదానిని బట్టి ఫలితాలు మారాయి. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. ఒకే ఎరువు మోతాదుకు రెండు నేలలు రెండు విధాలుగా స్పందించడం వ్యవసాయ శాస్త్రవేత్తలకు కొత్త విషయం కాదు.

రాగి, జింకు సూక్ష్మ పరిమాణంలో పోషకాలు, హద్దు దాటితే విషాలు. నీలి ఆకుపచ్చ నాచు సాధారణంగా ఆకుపచ్చ శైవలాల కంటే రాగికి త్వరగా లొంగుతుంది. మైలుతుత్తం వాడకానికి శాస్త్రీయమైన ఆధారం ఇదే. అయితే నీటిలో ఉన్న రాగి అంతా నాచుకు తగలదు. స్వేచ్ఛా అయాను రూపంలో ఉన్న భాగమే అధికంగా పనిచేస్తుంది. క్షారత్వం ఎక్కువగా ఉన్న చెరువులో రాగి కార్బనేటుగా మారి అడుగుకు చేరుతుంది. సేంద్రియ పదార్థం ఎక్కువైతే దానితో బంధింపబడుతుంది. క్షారత్వం తక్కువైన నీటిలో అదే మోతాదు చేపలను చంపుతుంది. ఈ కారణం చేతనే మత్స్య శాస్త్రంలో మోతాదును మొత్తం క్షారత్వంలో నూరో వంతుగా లెక్కకట్టే పద్ధతి ఏర్పడింది. చెరువు గట్టుపై నిలబడి దోసిళ్లతో చల్లే మైలుతుత్తానికి ఈ లెక్కతో సంబంధం ఉండదు.

కాడ్మియం, సీసం ఏ మోతాదులోనూ నాచుకు అవసరమైనవిగా పరిగణింపబడవు. అయినా మైక్రోసిస్టిస్ సమూహాలను చుట్టి ఉండే జిగురు పొర లోహ అయానులను పట్టి ఉంచుతుంది. లోహాలను బంధించి వాటి విషప్రభావాన్ని తగ్గించే చిన్న ప్రోటీనులు కొన్ని నీలి ఆకుపచ్చ నాచు జాతులలో ఉన్నాయి. ఈ రక్షణలు అందరికీ లేవు. నాచును మేసే డాఫ్నియా వంటి జంతు ప్లవకాలు లోహాలకు మరింత త్వరగా బలవుతాయి. మేసేవి తగ్గిన నీటిలో తట్టుకోగలిగిన నాచుకు పోటీ లేదు, వేట లేదు. కాబట్టి లోహ కాలుష్యం గల నీటిలో నాచు చచ్చిపోతుందిలే అన్న ఊహ నిలువదు. అక్కడ మిగిలేది మొండి నాచు కావచ్చు. అది విషకారకమా కాదా అన్నది కంటితో గాని, సాధారణ సూక్ష్మదర్శినితో గాని తేలదు. ఒకే జాతిలో విషజన్యువులు ఉన్న రకాలు, లేని రకాలు ఒకే తెట్టులో కలిసి ఉంటాయి.

నూరేళ్లు దాటిన అలవాటు

నాచుపై మైలుతుత్తం వాడకానికి 1904లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన జార్జ్ మూర్, కార్ల్ కెల్లర్‌మాన్ ప్రచురించిన నివేదిక శాస్త్రీయ పునాది వేసింది. విషకారక నాచు గురించిన అవగాహన అప్పటికి శైశవ దశలోనే ఉంది. అలెగ్జాండ్రీనా సరస్సు నీరు తాగి పశువులు చనిపోయిన వైనాన్ని జార్జ్ ఫ్రాన్సిస్ 1878లోనే నేచర్ పత్రికలో వివరించినా, ఆ విషాల రసాయన నిర్మాణం తెలియడానికి మరొక శతాబ్దం పట్టింది. కనుక ఆనాటి శాస్త్రవేత్తలను తప్పుపట్టడానికి వీలులేదు. తప్పు, తెలిసిన తరువాత కూడా సలహా మారకపోవడంలో ఉంది.

మిన్నెసోటాలోని ఫెయిర్‌మాంట్ సరస్సులలో 58 ఏళ్ల పాటు మైలుతుత్తం వాడారు. దాని పర్యవసానాలను సమీక్షించిన పరిశోధకులు 1984లో వెల్లడించిన విషయాలు ఆలోచింపదగినవి. ప్రతిసారీ నాచు తాత్కాలికంగా తగ్గింది. చచ్చిన నాచు కుళ్లి ప్రాణవాయువు తరిగింది. పోషకాలు తిరిగి నీటిలోకి వచ్చాయి. రాగి అడుగు మట్టిలో పేరుకుంది. కాలక్రమేణా రాగిని తట్టుకునే నాచు నిలదొక్కుకుంది. అటుపిమ్మట 2004లో స్పెయిన్ పరిశోధకులు మైక్రోసిస్టిస్‌పై చేసిన ప్రయోగాలు ఈ తట్టుకునే గుణం ఎలా వస్తుందో చూపాయి. రాగి తగలక ముందే యాదృచ్ఛిక ఉత్పరివర్తనల వల్ల ఏర్పడిన కొద్దిపాటి నిరోధక కణాలు, రాగి తగిలాక మిగిలి వృద్ధి చెందుతాయి. పురుగు మందులకు శనగపచ్చ పురుగు, కలుపు మందులకు గడ్డి జాతులు నేర్పిన పాఠమే ఇది. ఆ పాఠాన్ని పొలంలో అంగీకరించి చెరువులో విస్మరించడం శాస్త్రసమ్మతం కాదు.

పొలానికి, పశువుకు, పూడిక మట్టికి

ఇది తాగునీటి శాఖకు మాత్రమే పరిమితమైన విషయమని భావించడానికి వీలులేదు. విషకారక నాచు ఉన్న నీటిని తుంపర పద్ధతిలో పారించినప్పుడు లెట్యూస్ ఆకులపై మైక్రోసిస్టిస్ సమూహాలు, మైక్రోసిస్టిన్ అవశేషాలు మిగిలినట్లు బ్రిటన్ పరిశోధకులు 1999లో చూపారు. మైక్రోసిస్టిన్ మొక్కలలోని ప్రోటీన్ ఫాస్ఫటేజ్ ఎంజైములను కూడా నిరోధిస్తుంది గనుక మొలక, వేరు ఎదుగుదలపై దాని ప్రభావం అనేక పంటలలో నమోదైంది. కాచినంత మాత్రాన ఈ విషం నశించదు. పశువులు గాలివాటున గట్టుకు చేరిన తెట్టు వద్దనే నీరు తాగుతాయి. విషం గాఢత అధికంగా ఉండేదీ అక్కడే.

తెలుగు రాష్ట్రాలలో ఈ రెండు సమస్యలూ ఒకే చోట కలిసే స్థలాలకు కొదవలేదు. కూకట్‌పల్లి నాలా ద్వారా దశాబ్దాల పాటు పారిశ్రామిక, గృహ వ్యర్థాలు చేరిన హుస్సేన్‌సాగర్‌లో లోహాలూ ఉన్నాయి, మైక్రోసిస్టిస్ తెట్టూ ఉంది. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ వ్యర్థాలు నక్కవాగు పరివాహక ప్రాంతపు చెరువులను, పొలాలను ఎలా దెబ్బతీశాయో నేల శాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. మూసీ దిగువన వరి, పారాగడ్డి మురుగునీటిపైనే ఆధారపడి పండుతున్నాయి. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులలో మేత, ఎరువుల వల్ల పోషకాలు సమృద్ధిగా ఉండి నాచు పెరుగుదలకు అనువైన స్థితి ఉంటుంది.

పూడిక మట్టి విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. తెలంగాణలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు. పూడిక మట్టి వల్ల నేల సారం, నీటి నిల్వ సామర్థ్యం పెరగడం అనుభవసిద్ధం. ఆ పద్ధతిని నిరుత్సాహపరచడం ఎంతమాత్రమూ తగదు. కాని ఏ చెరువులో ఏళ్ల తరబడి మైలుతుత్తం పడిందో, ఏ చెరువులోకి పరిశ్రమల నీరు చేరిందో, ఆ చెరువు మట్టిలో నత్రజని, భాస్వరం, పొటాష్‌లతో పాటు లోహాలను కూడా పరీక్షించిన తరువాతనే పొలానికి తోలాలి. నీటిలోని రాగిని అడుగుకు పంపి ఊరట చెందడం, అదే అడుగు మట్టిని పొలానికి తోలి సంతోషించడం ఒకదానితో ఒకటి పొసగవు.

అభ్యంతరాలకు సమాధానం

ఈ వాదనకు రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, మైలుతుత్తం చవక, ప్రతి ఊరిలో దొరుకుతుంది, రాత్రికి రాత్రి ప్రాణవాయువు పడిపోయి చేపలు తేలుతున్న రైతుకు వేరే దారి ఏదని. ఇది తేలికగా తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. కాని దట్టమైన తెట్టుపై మైలుతుత్తం వేస్తే ఒకేసారి చచ్చిన నాచు కుళ్లి ప్రాణవాయువును మరింత తగ్గిస్తుంది. ఏ ప్రమాదం నుండి తప్పించుకోవాలని రైతు దానిని వేస్తాడో అదే ప్రమాదం అతనికి ఎదురవుతుంది. ఆ పూట కావలసింది ఏరేటర్లు నడపడం, వీలైతే కొంత నీరు మార్చడం, మేత ఆపడం. నాచు నాశిని వాడక తప్పని చోట, నాచు పలుచగా ఉన్న తొలిదశలోనే, క్షారత్వం లెక్కకట్టి, నిపుణుల పర్యవేక్షణలో వాడాలి. ఆ నీటిని కొన్ని వారాల పాటు మనుషులకు, పశువులకు దూరంగా ఉంచాలి.

రెండవ అభ్యంతరం విజ్ఞానపరమైనది. ఇనుము విషయంలోనే ప్రయోగాలు పరస్పర విరుద్ధంగా ఉన్నప్పుడు, లోహం వల్ల విషం పెరుగుతుందని విస్తరణ సలహా ఎలా ఇవ్వగలమని. నిజమే. లోహం పెరిగితే విషం పెరుగుతుందన్న సూత్రాన్ని రైతుకు చెప్పడం తొందరపాటే అవుతుంది. కాని సలహా మారడానికి ఆ సూత్రం అవసరం లేదు. కణం పగిలితే లోపలి విషం బయటకు వస్తుందన్న విషయంలో వివాదం లేదు. లోహం మూలకం గనుక విచ్ఛిన్నం కాదన్న విషయంలోనూ వివాదం లేదు. నిర్ణయానికి ఈ రెండూ చాలును. మిగిలిన వివాదాలు పరిశోధనకు ఉపయోగపడతాయి, జాప్యానికి సాకులు కారాదు.

చేయవలసిన పనులు

మొదటిది, సలహా పత్రాల సవరణ. తాగునీటికి, పశువులకు వాడే చెరువులలో నాచు నివారణకు మైలుతుత్తాన్ని సాధారణ సిఫారసుగా పేర్కొనడం మానుకోవాలి. నాచు సమస్యకు మూలం పోషకాలు. భూసార పరీక్ష ప్రకారం భాస్వరం వాడకం, మురుగునీటి మళ్లింపు, చేపల మేత మోతాదు నియంత్రణ అనే మూడు మాటలే ఆ పేజీలో ముందు రావాలి. వేసవిలో అడుగున ప్రాణవాయువు తరిగినప్పుడు ఇనుముతో బంధమై ఉన్న భాస్వరం విడిపోయి తిరిగి నీటిలో చేరుతుంది. కాబట్టి బయటి నుండి వచ్చే పోషకాలను ఆపిన మరుసటి ఏడాదే ఫలితం ఆశించరాదని కూడా రైతుకు ముందుగానే చెప్పడం న్యాయం.

రెండవది, లోహాన్ని పుట్టిన చోటనే ఆపడం. ద్రాక్ష, నిమ్మ, తమలపాకు తోటలలో బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ వాడకం సమంజసమే. వరిలో జింకు లోపానికి జింకు సల్ఫేటు తప్పనిసరే. పైరుకు కావలసిన లోహాన్ని వద్దనడం ఈ వాదన ఉద్దేశం కాదు. పిచికారీ యంత్రాలను చెరువులో కడగడం, మిగిలిన ద్రావణాన్ని కాలువలో పారబోయడం ఆగాలి. ఇందుకు ఖర్చు లేదు, మాట చెప్పేవారు కావాలి.

మూడవది, పరీక్ష. సాగునీటి పరీక్ష నివేదికలో ఉదజని సూచిక, విద్యుద్వాహకత, శేష సోడియం కార్బనేటు, సోడియం అధిశోషణ నిష్పత్తి ఉంటాయి. నాచు తెట్టు కట్టిన నీటికి ఈ నాలుగూ చాలవు. అటువంటి నమూనాలో కరిగిన రాగి, మొత్తం రాగి, కణాలలోని విషం, కరిగిన విషం వేర్వేరుగా కొలవాలి. ఎలీసా పద్ధతి విషాన్ని గుర్తించడానికి నేడు అందుబాటులో ఉంది. విశ్వవిద్యాలయ స్థాయిలో నేల శాస్త్ర, మత్స్య, పశువైద్య విభాగాలు ఒకే నమూనాను పంచుకుంటే మూడు విడి ప్రయోగశాలలు అక్కరలేదు.

నాల్గవది, విద్యార్థుల పరిశోధన. ప్రయోగశాల ఫలితాలలో అధికభాగం విదేశీ సరస్సుల రకాలపై, ఒక్కొక్క లోహంతో విడివిడిగా చేసినవి. తెలుగు నేలలోని చెరువు నీరు వెచ్చనిది, చాలా చోట్ల క్షారత్వం ఎక్కువైనది, అనేక లోహాలు కలిసినది. ఇక్కడి చెరువుల నుండి వేరుచేసిన మైక్రోసిస్టిస్ రకాలు ఇక్కడి నీటిలో రాగికి, జింకుకు ఎలా స్పందిస్తాయన్నది స్నాతకోత్తర విద్యార్థి రెండేళ్లలో సమాధానం చెప్పగలిగిన ప్రశ్న. మరొక రకపు వరి వంగడంపై మరొక ఎరువు మోతాదు ప్రయోగం కంటే దాని అవసరం ఎక్కువ.

పామ్ ఐలాండ్‌లో మైలుతుత్తం వేసినవారికి దురుద్దేశం లేదు. నీటి రుచి బాగుపడాలనే వారు కోరుకున్నారు. నాచు అణగింది, ఆ పైన 138 మంది పిల్లలు మంచాన పడ్డారు. గ్రామానికి వెళ్లిన విస్తరణ శాస్త్రవేత్తను ఆకుపచ్చగా మారిన చెరువు చూపి ఏమి వేయమంటారని అడిగే రైతు కూడా మంచి నీరే కోరుతున్నాడు. ముందుగా ఏమీ వేయవద్దు, ఈ గట్టున పశువులను తాగనివ్వవద్దు, నమూనా తీసి పంపుదాం అని చెప్పగలగడం ఇప్పటికి ఆ శాస్త్రవేత్త చేయగలిగిన మేలైన సేవ. ఆ నమూనాను పరీక్షించి వారంలోగా జవాబు పంపే ప్రయోగశాలను అతని వెనుక నిలబెట్టడం విశ్వవిద్యాలయాల బాధ్యత.